జబ్బుపడిన వారున్న ఓడను రేవులోకి రానివ్వాలా, వద్దా?

గోపాలపూర్ వాసి (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. గంజాం జిల్లాలో గోపాలపూర్‌కు దగ్గరగా ఉన్న ఒక మత్స్యకార పల్లె మాది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒడియా వారు మమ్మల్ని నోలియాలంటారు. మొన్న మా ఊళ్ళో ఒక పాత సంగతి మీద వాదన మొదలై తెగకుండా మిగిలిపోయింది కాబట్టి, తెలిసినవారుంటారని ఇక్కడ అడుగుతున్నాను.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ వల్ల బస్సులూ రైళ్ళూ లేని రోజుల్లో, చెన్నై కాశిమేడు రేవులో పనిచేసే మా కుర్రవాళ్ళు తొమ్మిది మంది తిండికి జరుగుబాటు లేక, ఉన్న డబ్బంతా పోగుచేసి ఒక పాత ఫైబర్ బోటు కొనుక్కుని, సముద్రం మీదనే ఊరికి బయలుదేరారు. ఐదో రోజు సాయంత్రం మా తీరానికి చేరేసరికి, వారిలో ఒకరికి జ్వరం వచ్చిందన్న కబురు ఫోన్లో ముందే ఊరికి చేరిపోయింది. ఊరివాళ్ళు కర్రలు పట్టుకుని ఒడ్డున నిలబడ్డారు. వారిలో నేనూ ఉన్నాను. బోటు కెరటాలు విరిగే చోటికి అవతల ఒక రాత్రీ, మరునాడు మధ్యాహ్నం వరకూ ఆగింది. సర్పంచులకు కలెక్టరు అధికారాలు ఇచ్చిన రోజులవి. చివరకు మా సర్పంచే వచ్చి వారిని దింపించి, తుఫాను షెల్టరులో పద్నాలుగు రోజులు ఉంచాడు. ఆ అబ్బాయి జ్వరం మూడో నాటికి తగ్గింది. అది ఏ జ్వరమో ఇప్పటికీ మాకు తెలియదు.

మొన్న ఆ తొమ్మిది మందిలో ఒకడు, అదే సంవత్సరం పెద్ద పెద్ద విహార నౌకలను దేశాలన్నీ తరిమిన తీరును ఎత్తి, ‘వాళ్ళకూ మీకూ తేడా ఏముంది’ అని అడిగాడు. తొమ్మిది మంది సొంత పిల్లలున్న బోటూ, మూడు వేల మంది పరాయివారున్న ఓడా ఒకటి ఎలా అవుతాయని మా పెద్దలు అన్నారు. అంటువ్యాధి ప్రబలినప్పుడు రోగులున్న ఓడ వస్తే రేవు ఏం చేయాలి? చట్టం ఏమంటుంది? అనుభవం ఏమంటుంది?

బరంపురం వంటవాడు

నేను పన్నెండేళ్ళు విహార నౌకల వంటశాలల్లో పనిచేశాను. 2020 మార్చిలో కూడా ఓడ మీదనే ఉన్నాను, కాబట్టి లోపలినుంచి చూసిన సంగతి రాస్తాను.

పైనుంచి చూసేవారికి ఓడ అంటే ప్రయాణికులే కనిపిస్తారు. కోవిడ్ బయటపడినందువల్ల జపాన్‌లోని యొకొహామా రేవులో నిలిపిన డైమండ్ ప్రిన్సెస్ అనే విహార నౌకలో ఉన్న 3,711 మందిలో 1,045 మంది సిబ్బంది. అందులో 132 మంది భారతీయులు. ప్రయాణికుల్లో భారతీయులు ఆరుగురే. ఫిబ్రవరి 5న క్వారంటైన్ మొదలయ్యాక ప్రయాణికులను ఎవరి గదుల్లో వారిని ఉండమన్నారు. మరి వారి గది తలుపు దగ్గరకు మూడు పూటలా భోజనం తెచ్చి పెట్టింది ఎవరు? మావంటి వారే. మా వాళ్ళు పడుకునేది కింది అంతస్తుల్లో, గదికి ఇద్దరో ముగ్గురో, మంచం మీద మంచం. తినేది అందరూ ఒకే మెస్సులో. పై అంతస్తులవారికి క్వారంటైన్, కింది అంతస్తులవారికి డ్యూటీ. చివరికి ఆ ఓడ మీద 712 మందికి వ్యాధి సోకింది. ఫిబ్రవరి 27న ఎయిర్ ఇండియా విమానం 119 మంది భారతీయులను ఢిల్లీకి తెచ్చింది. వ్యాధి సోకిన మనవాళ్ళు కొందరు జపాన్ ఆసుపత్రుల్లోనే ఉండిపోయారు.

మా ఓడలో అంత జరగలేదు గానీ, ప్రయాణికులందరూ దిగిపోయి విమానాల్లో వెళ్ళిపోయిన తర్వాత కూడా మమ్మల్ని దిగనివ్వలేదు. తీరం దీపాలు కనిపిస్తూ ఉంటాయి, ఫోనుకు సిగ్నల్ కూడా అందుతుంది, కాలు పెట్టడానికి మాత్రం వీలు లేదు. మరెల్లా డిస్కవరీ అనే ఓడలో ఉన్న 140 మందికి పైగా మన సిబ్బంది కూడా అలాగే ముంబై బయట వేచి ఉండి, నావికులు దిగడానికి కేంద్రం ఏప్రిల్ 21న నిబంధనలు ఇచ్చిన తర్వాత, 23న దిగారు. సొంత దేశపు రేవు, సొంత పాస్‌పోర్టు, అయినా వేచి ఉండవలసి వచ్చింది. ఆ సంవత్సరం చివరికి సరుకు ఓడలతో కలిపి దాదాపు నాలుగు లక్షల మంది నావికులు ఒప్పందం ముగిసినా దిగలేక ఓడల మీదనే ఉన్నారని అంతర్జాతీయ సంస్థలు లెక్క చెప్పాయి.

కాబట్టి గోపాలపూర్ అన్నగారూ, మీ ఊరి అబ్బాయి అడిగినదానిలో న్యాయం ఉంది. ఓడను రానివ్వాలనే నా మాట. రానిచ్చినప్పుడు సిబ్బందిని కూడా మనుషుల లెక్కలో వేయాలి.

పర్లాకిమిడి మాస్టారు

వంటవాడు గారి బాధ అర్థమైంది. అయినా నేను ఒడ్డున ఉన్నవారి పక్షాన మాట్లాడవలసి ఉంది.

రూబీ ప్రిన్సెస్ అనే విహార నౌక సంగతి ఎవరూ ఎత్తలేదు. 2020 మార్చి 19న అది సిడ్నీ రేవుకు వచ్చింది. ప్రమాదం తక్కువని అక్కడి ఆరోగ్యశాఖ నిర్ణయించింది. ఓడలోని రోగుల నమూనాల ఫలితాలు ఇంకా రాకముందే 2,600 మందికి పైగా ప్రయాణికులు దిగి, టాక్సీలూ రైళ్ళూ విమానాలూ ఎక్కి దేశమంతటా చెదిరిపోయారు. మరునాడు ఫలితాలు వచ్చాయి. ఆ ఓడకు సంబంధించి 28 మంది చనిపోయారు. ఆ తర్వాత బ్రెట్ వాకర్ నాయకత్వాన జరిగిన విచారణ, ఆరోగ్యశాఖ చేసిన తప్పులు క్షమించరానివని తేల్చింది. అంతటి ధనిక దేశంలో, అంతటి యంత్రాంగం ఉన్న రేవులో ఇలా జరిగితే, మన దగ్గర ఏం జరుగుతుందో ఆలోచించండి. గోపాలపూర్ రేవు సరుకులది. అక్కడ ఓడ నుంచి వంద మంది రోగులు దిగితే అందరినీ తీసుకువెళ్ళవలసింది బరంపురం మెడికల్ కాలేజీకే. గంజాం, గజపతి, రాయగడ, ఇటు శ్రీకాకుళం సరిహద్దు ఊళ్ళ నుంచి కూడా జనం ఆ ఆసుపత్రినే నమ్ముకుని ఉన్నారు. 2020 జులైలో సూరత్ నుంచి తిరిగివచ్చిన కూలీలతో గంజాం జిల్లా రాష్ట్రంలోనే ఎక్కువ కేసులతో అల్లాడినప్పుడు మంచాలకు ఎంత ఇబ్బంది అయిందో నాకు గుర్తుంది. మా బావమరిదిని నేనే వెంట తీసుకువెళ్ళాను.

ఇంకొక మాట. డైమండ్ ప్రిన్సెస్‌ను నడిపేది అమెరికా కంపెనీ, దాని మీద ఎగిరే జెండా బ్రిటన్‌ది, మోసింది మాత్రం జపాన్. రూబీ ప్రిన్సెస్ జెండా బెర్ముడాది. పన్నులూ చట్టాలూ ఎక్కడ తేలికగా ఉంటే అక్కడ ఓడను నమోదు చేయించి, ఆపద వచ్చినప్పుడు దారిలో తగిలిన రేవును పట్టుకోవడం న్యాయమా?

రాయగడ డాక్టరు

నేను కొంతకాలం ఒక రేవులో ఆరోగ్య విభాగంలో పనిచేశాను. మాస్టారు గారి భయాన్ని తేలికగా తీసుకోను. అయితే ‘రానివ్వడం’ అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. మన వాదన అక్కడే చిక్కుపడుతోంది. ఓడను రేవు నీళ్ళలో లంగరు వేయనివ్వడం ఒకటి. జబ్బు ముదిరినవారిని దించి ఆసుపత్రికి చేర్చడం రెండోది. మిగిలినవారిని ఊళ్ళోకి వదలడం మూడోది. మొదటిదానికి ఒప్పుకున్నంత మాత్రాన మూడోదానికి ఒప్పుకున్నట్టు కాదు.

చట్టం కూడా ఇంచుమించు ఇలాగే ఉంది. 2005లో ఆమోదించి 2007 జూన్‌లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల 28వ అధికరణం ప్రకారం, ప్రజారోగ్యం పేరు చెప్పి ఓడను రేవుకు రాకుండా ఆపకూడదు. ఆ రేవులో తగిన సదుపాయాలు లేకపోతే, సదుపాయాలున్న దగ్గరి రేవుకు వెళ్ళమని ఆదేశించవచ్చు. తగిన కారణం చూపి అదనపు కట్టడి విధించే వీలు 43వ అధికరణంలో ఉంది. 2020లో చాలా దేశాలు ఆ వీలును చూపించే తలుపులు మూసుకున్నాయి. మన దేశంలో రేవుల ఆరోగ్య నిబంధనలు 1955 నాటివి: కెప్టెన్ ఓడలోని జబ్బుల వివరాలు ముందే తెలపాలి, ఆరోగ్య అధికారి అనుమతి ఇచ్చేవరకు ఎవరూ దిగరాదు, ఎవరూ ఎక్కరాదు. (పసుపు జెండా కనిపిస్తే ఓడలో రోగం ఉందని మన పెద్దలు అనుకునేవారు. ఇప్పటి వాడుకలో దాని అర్థం తిరగబడింది; ‘మా ఓడ ఆరోగ్యంగా ఉంది, అనుమతి ఇవ్వండి’ అని.)

ఈ మూడు పనులను విడదీసి చూస్తే సిడ్నీలో జరిగింది తేటపడుతుంది. అక్కడ రెండో పనికి ముందు చూడవలసినది చూడకుండానే మూడో పని చేశారు. యొకొహామాలో మొదటి రెండూ చేశారు గానీ, మిగిలినవారికి ఒడ్డున వేరే బస చూపకుండా ఓడనే క్వారంటైన్ గృహంగా వాడారు. ఫిబ్రవరి 3నే అందరినీ దింపి ఉంటే దాదాపు 76 మందికే సోకి ఉండేదని ఒక గణిత అంచనా చెప్పింది. క్వారంటైన్ మొదలయ్యేనాటికే చాలామందికి సోకిపోయిందని జపాన్ అంటువ్యాధుల సంస్థ చెప్పింది. ఈ రెండు లెక్కలూ పూర్తిగా పొసగవు; నేను రెండోదానివైపే మొగ్గుతాను. కానీ సిబ్బందిలో వ్యాప్తి ఆ తర్వాత కూడా ఆగలేదన్నది ఆ సంస్థ కూడా రాసిన సంగతే, వంటవాడు గారు చెప్పిన కారణం వల్లనే.

ఇక తలుపు మూసినప్పుడు ఏమైందో చూడండి. వెస్టర్‌డామ్ అనే ఓడను 2020 ఫిబ్రవరిలో ఫిలిప్పీన్స్, తైవాన్, జపాన్, గువామ్, థాయ్‌లాండ్ వరుసగా కాదన్నాయి. చివరకు 13న కంబోడియా తన సిహనౌక్‌విల్ రేవులోకి రానిచ్చింది. ఆ ఓడలో వ్యాధి ఉన్నట్టు చివరికి ఆధారమే దొరకలేదు. దిగిన ఒక పెద్దావిడకు మలేసియాలో పాజిటివ్ అన్నారు గానీ, అది తర్వాత నిలబడలేదు. జాండామ్ సంగతి వేరు. మార్చి 7న బ్యూనస్ ఐరిస్ వదిలిన ఆ ఓడలో నిజంగానే వ్యాధి ఉంది. చిలీ కాదంది, దారిలో మిగిలిన రేవులూ కాదన్నాయి. నలుగురు ఓడ మీదనే చనిపోయారు. ఏప్రిల్ 2న ఫ్లోరిడాలో దిగడానికి అనుమతి దొరికింది. తలుపు మూసినందువల్ల రోగం ఎక్కడికీ పోలేదు. రోగులకు వైద్యం అందలేదు, అంతే.

మాస్టారు గారి భయానికి జవాబుగా నాకు తెలిసిన మంచి ఉదాహరణ క్యూబా. బ్రేమర్ అనే ఓడలో ఐదుగురికి వ్యాధి ఉందని తేలి, బహామాస్ సహా చుట్టుపక్కల రేవులు వద్దన్నప్పుడు, 2020 మార్చి 18న మరియెల్ రేవులోకి దాన్ని రానిచ్చారు. ప్రయాణికులను రేవు నుంచే పోలీసుల కాపలాతో బస్సుల్లో నేరుగా హవానా విమానాశ్రయానికి చేర్చి బ్రిటన్ పంపించారు. ఊరికీ వారికీ మధ్య సంబంధం లేకుండా పని జరిగింది. డబ్బున్న దేశమేమీ కాదది.

గోపాలపూర్ రేవు పరిస్థితి మాస్టారు గారు చెప్పినదే. పెద్ద విహార నౌక వస్తే దాన్ని దూరంగా లంగరు వేయించి, ప్రాణం మీదకు వచ్చినవారిని మాత్రం దింపుకుని, మిగిలిన ఓడను విశాఖ వంటి పెద్ద రేవుకు పంపడమే సరైన పని. 2023 నుంచి విహార నౌకల కోసం అక్కడ ప్రత్యేక టెర్మినల్ కూడా ఉంది. ‘వెళ్ళిపో’ అనడం వేరు, ‘ఫలానా చోటికి వెళ్ళు, వారికి కబురు చేశాము’ అనడం వేరు. 2020లో ఆ రెండో మాట చాలా ఓడలకు ఎవరూ చెప్పలేదు.

పర్లాకిమిడి మాస్టారు

డాక్టరు గారూ, మూడు ముక్కలుగా విడదీయడం బాగుంది. నేను ఆ కోణంలో ఆలోచించలేదు. 2020 మే 7న, తిరిగివచ్చే వలస కూలీల్లో పరీక్షలో నెగెటివ్ వచ్చినవారినే రాష్ట్రంలోకి రానివ్వాలని ఒడిశా హైకోర్టు అన్నప్పుడు నేను సంతోషించినవాణ్ణి. మరునాడే సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసినప్పుడు కోపగించుకున్నవాణ్ణి. ఆ కూలీలు మనవాళ్ళే కదా అని అప్పుడు మా అబ్బాయి నాతో వాదించాడు. అయితే ఖర్చు సంగతి మీరు దాటవేశారు. ఓడ కంపెనీ ముందుగా పూచీకత్తు సొమ్ము కట్టాలన్న నిబంధన లేనిదే చిన్న రేవుల ప్రజలు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

రాయగడ డాక్టరు

అంగీకరిస్తున్నాను. కట్టవలసినది ఓడ ఎక్కే ముందే, టికెట్ అమ్మినప్పుడే. ఓడ లంగరు వేసి, లోపల మనుషులకు ఊపిరాడని సమయంలో మాత్రం బేరం పెట్టకూడదు.

గోపాలపూర్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ ఆదివారం సాయంత్రం వలలు బాగుచేసుకునే చోట చదివి వినిపించాను. పెద్దలకు డాక్టరు గారి మూడు పనుల మాట నచ్చింది. మళ్ళీ అటువంటి రోజులు వస్తే బోటును ఎక్కడ ఆపాలి, షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉండాలి, బరంపురానికి కబురు ఎవరు చేయాలి అన్నది ఊరి కమిటీ పుస్తకంలో రాయించాలనుకున్నాం.

ఆ బోటులో వచ్చిన అబ్బాయి అంతా విని ఒక్క సంగతే చెప్పాడు. ఆ రాత్రి వారి దగ్గర మంచినీళ్ళు అయిపోయాయట. ఒడ్డు నుంచి అరిస్తే వినిపించేంత దూరమే ఉన్నా, మాలో ఎవరమూ ఆ సంగతి అడగలేదు. డాక్టరు గారూ, బోటును ఆపినప్పుడు నీళ్ళ డబ్బాలూ మందులూ ముట్టుకోకుండా అందించడానికి తాడూ తేలే పీపా చాలునా, ఇంకేమైనా పద్ధతి ఉందా? అది కూడా పుస్తకంలో రాయించాలి.