ఈడిపస్‌కి కోరస్ అవసరమా?

నాటకాలపిచ్చి:
తెలియక తండ్రిని చంపి తల్లిని పెళ్లాడిన తీబ్స్ నగర రాజు ఈడిపస్ కథ పాత గ్రీకు నాటకం. దర్శకుడు రాబర్ట్ ఐక్ దాన్ని నేటి కాలానికి మార్చిన 'ఈడిపస్' 2024 అక్టోబరు నుంచి 2025 జనవరి దాకా లండన్‌లో ఆడింది. రాజు బదులు రాజకీయ నాయకుడు, ఎన్నికల ఫలితాల రాత్రి, స్టేజీ మీద సున్నా వైపు దిగే గడియారం. కోరస్‌ను, అంటే ఊరి జనంగా కలిసి ఆడిపాడే బృందాన్ని, ఎత్తేశారు. అదే జనవరిలో లండన్‌లోనే ఓల్డ్ విక్ థియేటర్‌లో ఇంకో ఈడిపస్ మొదలైంది. అందులో కోరస్ ఉంది గానీ నోరు విప్పదు, నాట్యం చేస్తుంది. నా ఓటు ఐక్‌కే. నిజం బయటపడబోతుంటే పదిహేను మంది నిలబడి దేవుళ్లను తలుచుకుంటే టెన్షన్ ఏం మిగులుతుంది?

వెనకబెంచీ:
బుర్రకథలో వంతలు లేకుండా కథకుడొక్కడే చెప్పినట్టుంటుంది.

గోదారిగట్టు:
ఆ పోలిక సగమే సరిపోతుందండీ. వంతలు కథ బయట నిలబడి ప్రశ్నలు వేస్తారు. గ్రీకు కోరస్ కథ లోపలే ఉంటుంది. గ్రీకు కవి యూరిపిడిస్ నాటకం 'మెడియా' చూడండి. అందులో కోరస్ అయిన కొరింత్ ఊరి ఆడవాళ్లు మొదట్లోనే మెడియాకి మాటిస్తారు, నీ సంగతి బయటపెట్టం అని. అప్పటికి ఆమె భర్త మీద పగ తీర్చుకుంటుందనే వాళ్లకు తెలుసు. పిల్లల్ని చంపుతానన్నాక వద్దని బతిమాలతారు, కానీ ఎవరికీ చెప్పరు. లోపలి నుంచి పిల్లల అరుపులు వినిపిస్తుంటే వెళ్దామా అనుకుంటారు, వెళ్లరు. వీళ్లను తీసేస్తే అది ఒక భార్య పగ కథ. వీళ్లుంటే, తెలిసీ ఊరుకున్న ఊరి కథ కూడా.

నాటకాలపిచ్చి:
మెడియా వరకు సరే. ఈడిపస్‌లో కోరస్‌గా ఉండే ఆ ముసలివాళ్లు చేసేదేముంది?

గోదారిగట్టు:
నాటకం మొదలయ్యేదే ఊళ్లో తెగులుతో కదా. జనం చస్తున్నారు కాబట్టే ఈడిపస్ పాత రాజును చంపిన హంతకుణ్ణి వెతుకుతాడు. ఆ ముసలివాళ్లే ఆ ఊరు. ఐక్ నాటకం కుటుంబ రహస్యంగా బిగువుగా నడుస్తుంది, కాదనను. కానీ అక్కడ ఓటర్లు మనకు కనిపించరు. ఇంకో సంగతి. ఏథెన్స్‌లో కవికి అనుమతి రావడమంటేనే అధికారి అతనికి కోరస్‌ను కేటాయించడం. ఖర్చు ఒక ధనిక పౌరుడు పెట్టుకునేవాడు. ఆడిపాడేది మామూలు పౌరులే.

టికెట్‌కౌంటర్:
ఆ ధనికుణ్ణి ఇప్పుడు ఎక్కడ పట్టుకొస్తారు సార్? పదిహేను మందికి నెలల తరబడి రిహార్సళ్లు, జీతాలు. కోరస్ పోవడానికి సగం కారణం బడ్జెట్టే.

వెనకబెంచీ:
2013లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో సిరియా శరణార్థి మహిళలు, యుద్ధంలో ఓడిన ట్రాయ్ ఆడవాళ్ల మీద యూరిపిడిస్ రాసిన 'ట్రోజన్ విమెన్' వేశారు. వాళ్లు నటులు కారు. ఓడిన ఊరి ఆడవాళ్ల మాటల్లో తమ కథలు కలిపి చెప్పారు. దానికి గడియారం అక్కర్లేకపోయింది.

నాటకాలపిచ్చి:
వాళ్లు తమ బాధే చెప్పుకున్నారు. లండన్ వెస్ట్ ఎండ్ థియేటర్ల నటులు పదిహేను మంది తీబ్స్ ప్రజలుగా ఏడిస్తే నేను నమ్మాలా? నా అభ్యంతరం అక్కడే ఉంది.