విశాఖ ఉప్పుగాలిలో కొత్త గన్ ఆయిల్: పాతదాని మీదే పూయవచ్చా?

లాసన్స్‌బే25 అడిగిన ప్రశ్న

నాది .22 స్పోర్ట్ పిస్టల్. మహిళల 25 మీటర్ల విభాగంలో పోటీలకు వెళ్తుంటాను. మేముండేది లాసన్స్ బే కాలనీలో, సముద్రం కనిపించే అంతస్తులో. ఇంటి యజమానికి అది అద్దె పెంచడానికి కారణం, నాకేమో బీరువా తాళం బిగుసుకుపోవడానికి కారణం. గ్రిల్లుకు రంగు వేయించిన ఏడాదే మళ్లీ పొక్కులు లేచే చోట పిస్టల్‌ను కాపాడుకోవడం ఎంత పనో ఇక్కడివారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఇన్నాళ్లూ మామూలు మినరల్ గన్ ఆయిలే వాడాను. ఈమధ్య క్లబ్బులో ఒకాయన కొత్త సీసా చేతిలో పెట్టారు. మొక్కల నూనెతో చేసినదట. వాసన లేదు, చేతులు మండవు, మురికి వదిలించడానికీ కందెనగానూ తుప్పు పట్టకుండానూ అదొక్కటే చాలట. సీసా మీద పచ్చని ఆకు బొమ్మ అందంగా ఉంది. లోపల ఏముందో మాత్రం ఎక్కడా రాయలేదు. బ్యాంకులో పనిచేసేదాన్ని, చదవకుండా సంతకం పెట్టే అలవాటు లేదు. అందుకే మూత ఇంకా తీయలేదు.

పిస్టల్ పరిస్థితి ఇది. సాధన ముగిశాక బోల్టు (తూటా వెనక ముందుకూ వెనక్కీ జారే భాగం) తీసి చూస్తే దాని ముఖం మీద, కాల్చిన తూటా తొడుగును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద నల్లటి జిడ్డు పేరుకుని ఉంటోంది. అగ్గిపుల్లతో గీకితే మెత్తగా చుట్టుకుని వస్తుంది. ఫ్రేముకు ఎడమవైపు, బొటనవేలు ఆనే చోట, సూదిమొనంత ఎర్ర చుక్కలు మొదలయ్యాయి. తుడిస్తే పోతున్నాయి, నాలుగు రోజులు తిరగకుండా మళ్లీ వస్తున్నాయి.

రాష్ట్ర పోటీలు దగ్గర పడుతున్నాయి. రాపిడ్ దశలో ఒక్కో గుండుకు దొరికేది 3 సెకన్లు, మధ్యలో 7 సెకన్ల విరామం. ఆ 3 సెకన్లలో బోల్టు మొరాయిస్తే ఆకు బొమ్మ వచ్చి ఆదుకోదు. కొత్త నూనెను పాతదాని మీదే పూయవచ్చా, లేక అంతా కడిగి మొదలుపెట్టాలా? మన గాలికి ఇది ఆగుతుందా? వాడినవాళ్లు చెప్పండి. అమ్మేవాళ్లు వద్దు.

గాజువాక_పెద్దాయన

నాది లైసెన్సు మీద తీసుకున్న .32 రివాల్వర్, కాన్పూర్‌ది. పోటీల సంగతి నాకు తెలియదు. కుట్టుమిషను నూనెతోనే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాను. కొత్త సీసాలన్నీ వ్యాపారమేనమ్మా.

ఒక్కసారి మాత్రం దారి మార్చాను. 2024 ఎన్నికలప్పుడు అందరిలాగే రివాల్వర్‌ను పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేయవలసి వచ్చింది. కోడ్ మార్చిలో వస్తే ఫలితాలు జూన్‌లో. అన్నాళ్లూ తుడిచే దిక్కుండదని మా బావమరిది లోపలా బయటా గ్రీజు పట్టించమన్నాడు. పట్టించి ఇచ్చాను. మచ్చ లేకుండా తిరిగి వచ్చింది. ఇప్పటికీ అలాగే ఉంది, బీరువాలో.

పాత_ఆర్మరర్

పెద్దాయన గారూ, గ్రీజు పట్టించినంతవరకు బాగుంది. "ఇప్పటికీ అలాగే ఉంది" అన్న మాటే నాకు నచ్చలేదు. గొట్టంలో గ్రీజు ఉండగా కాలిస్తే గొట్టం ఉబ్బవచ్చు, చీలవచ్చు. గొట్టంలోంచీ సిలిండర్ గదుల్లోంచీ ఆనవాలు లేకుండా తీసేయండి. మిగతా పోస్టు ఆ తర్వాత చదువుకోవచ్చు.

ఇక అమ్మాయి గారి ప్రశ్న. నౌకాదళంలో ఆయుధాల నిర్వహణ చూసి, రిటైరయ్యాక ఈ ఊళ్లోనే ఉండిపోయినవాణ్ని. సర్వీసంతా తుప్పుతోనే గడిచింది కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను, ఓర్చుకోండి.

అమ్మా, ఆ ఎర్ర చుక్కలు సరిగ్గా బొటనవేలు ఆనే చోటే ఎందుకు వచ్చాయి? చెమటలో ఉప్పు ఉంది. అది గాలిలోని తేమను లాక్కుని ఉక్కు మీద కూర్చుంటుంది. దాని మీద ఎంత ఖరీదైన నూనె పూసినా ఉప్పు కదలదు, నూనె చాటున ఇంకా క్షేమంగా ఉంటుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. కాబట్టి బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో గుడ్డను ఒక్క పిసరు తడిపి చెయ్యి తగిలిన చోటల్లా తుడవండి. వెంటనే పొడిగుడ్డ, ఆ వెనక ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చివరికి నూనె. ఉక్కును నీళ్లతో తుడవమంటున్నానని ఎవరైనా తిట్టబోతే, ఓడ మీద మేము ముందు మంచినీళ్లతో ఉప్పు కడిగాకే నూనె సీసా ముట్టేవాళ్లమని మనవి.

రెండోది ఏసీ కారు. రేంజిలో దిగీ దిగగానే పిస్టల్ పెట్టె మూత తీస్తారు. ఉక్కపోత రోజుల్లో మన గాలిలో ఎంత తేమ ఉంటుందంటే, 22, 23 డిగ్రీలకు చల్లబడిన ఉక్కు బయటికి రాగానే దాని మీద నీటి ఆవిరి పట్టేస్తుంది. పైన పట్టినది కనిపిస్తుంది, తుడుస్తారు. స్ప్రింగు చుట్ల మధ్య పట్టినది ఎవరు తుడుస్తారు? పెట్టెను మూత తీయకుండా అరగంట నీడలో ఉంచండి, ఆ తర్వాత తెరవండి.

మూడోది ఆ పెట్టెలోని స్పాంజి. అది తేమను పీల్చుకుని పిస్టల్‌కు ఆనించి పెడుతుంది. పెట్టె ప్రయాణానికే. ఇంట్లో తాళం వేసే ఇనుప బీరువాలో, సిలికా జెల్ పక్కన, విడిగా ఉంచండి. నీలం గింజలు గులాబీ రంగుకు మారాయంటే ఇక పీల్చలేవని అర్థం. వంటకు వాడని మూకుడులో సన్నని సెగ మీద ఆరబెడితే మళ్లీ పనికొస్తాయి.

నూనెది నాలుగో స్థానం. పాతదాని మీద కొత్తది వద్దు. మీరు అగ్గిపుల్లతో తీసిన నల్ల జిడ్డులో సగం నూనే కాదు. .22 గుండు సీసంతో చేసినది, దానికి పైన మైనం పూత ఉంటుంది. ఆ మైనం, సీసపు పొడి, మందు మసి కలిసి అలా ముద్ద కడతాయి. అందులో ఇంకో నూనె పోస్తే ముద్ద పెరుగుతుంది, అంతే. ఇది సీసం కాబట్టి చేతులకు తొడుగులు వేసుకోండి, భోజనాల బల్ల మీద ఈ పని పెట్టకండి, పిల్లలున్న ఇంట్లో ఆ గుడ్డలను విడిగా కట్టి పారేయండి.

మ్యాగజైను తీసి, బోల్టు వెనక్కి లాగి, ఛాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీ అని కంటితో చూసి, చిటికెనవేలితో తడిమి, తూటాలను వేరే గదిలో పెట్టాకే మొదలుపెట్టాలి. ఇది మీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్పకుండా ఉండలేను. చెక్క పిడిని ముందే విప్పేయండి. మీ చేతి కొలతకు చెక్కించుకున్న వాల్‌నట్ పిడి నూనె తాగితే నల్లబడుతుంది, మెత్తబడుతుంది. గొట్టాన్ని ఛాంబర్ వైపు నుంచి మూతి వైపుకే తుడవాలి. పుల్‌త్రూ తాడుకు ఫ్లానెల్ ముక్క కట్టి లాగడమే మేలు. మా వాళ్లు ఆ ముక్కను చిందీ అంటారు. ఇనుప కడ్డీ మూతి అంచును గీరిందంటే గురి పోయినట్టే.

అన్నీ ఆరాక బోల్టు జారే గాడికి ఒక్కో చుక్క. వేలితో రాస్తే మెరుపు కనబడాలి, తడి కనబడకూడదు. ఛాంబర్‌లో, మ్యాగజైనులో, ఫైరింగ్ పిన్ రంధ్రంలో నూనె వద్దే వద్దు. అక్కడి నుంచి తూటాకు అంటి లోపలికి ఇంకిందంటే మందు పేలకపోవచ్చు. దాచేటప్పుడు గొట్టంలో పూసిన నూనెను కూడా కాల్చే ముందు పొడిగుడ్డతో లాగేయాలి. లేకపోతే మొదటి గుళ్లు ఎక్కడికి పోతాయో చెప్పలేం.

ఇంతా చేసి కొత్త సీసా ప్రయత్నించాలనిపిస్తే తప్పకుండా ప్రయత్నించండి. అయితే ముందు పిస్టల్ మీద కాదు, ఇనుప మేకుల మీద.

రసాయనం_మాస్టారు

మేకుల పరీక్షకు నా వంతు మాట. మేకులకు కొట్టులోనే నూనె పూసి ఉంటుంది. సాన కాగితంతో రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి, ఆపైన చేత్తో ముట్టకుండా పట్టకారుతో పట్టుకోండి. ఒకటి ఏమీ పూయకుండా వదిలేయండి, మిగతావాటికి ఒక్కో నూనె. అన్నీ ఒకే తాడుకు, సముద్రం వైపు కట్టండి. పిస్టల్ ఉక్కుకు నల్లపూత ఉంటుంది, మేకుకు ఉండదు. కాబట్టి ఎన్నాళ్లు ఆగిందన్నది చూడకండి, ఏది ఎవరి తర్వాత ఓడిపోయిందన్నది చూడండి.

దానితోపాటు గాజుపలక పరీక్ష కూడా చేయండి. మొక్కల నూనె అనగానే నాకు కలిగే అనుమానం తుప్పు గురించి కాదు, బంక గురించి. ఈ నూనెల అణువుల్లో ద్విబంధాలు ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్ వాటిని పట్టుకుని ఒకదానికొకటి ముడివేస్తూ పోతే నూనె చిక్కబడి చివరికి పొర కడుతుంది. అవిసె నూనె రంగుల్లో వాడేది ఈ గుణం కోసమే. మన ఆముదం గొప్ప కందెన, మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల రోటరీ ఇంజన్లలో దాన్నే పోసేవారు. అదీ బంక కట్టేది. ఇప్పటి తయారీదారులు ద్విబంధాలు తక్కువగా ఉండే నూనెలు ఎంచుకుని, ఆక్సీకరణను ఆపే రసాయనాలు కలుపుతారు. అలా చేస్తే మంచి నూనే అవుతుంది. మీ ఆకు బొమ్మవారు కలిపారో లేదో గాజుపలకే చెప్పాలి. ఒక్కో చుక్కను పలచగా పులిమి, దుమ్ము పడకుండా మూసి, కిటికీ దగ్గర వేడి తగిలేలా ఉంచండి. కొన్ని వారాలయ్యాక వేలితో జరిపి చూడండి.

పెద్దాయన గారి కుట్టుమిషను నూనెను తీసిపారేయలేం, శుద్ధమైన పలచని ఖనిజ నూనె అది, బంక కట్టదు. కానీ తుప్పును అడ్డుకునే మందు అందులో సాధారణంగా ఉండదు. డబ్ల్యూడీ-40 గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. 1953లో అమెరికాలో దాన్ని తయారుచేసింది నీటిని తరమడానికి, పేరులోని మొదటి రెండు అక్షరాల అర్థం కూడా అదే. తడిసిన వస్తువుకు అప్పటికప్పుడు మంచిదే. అందులో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది, మిగిలే పొర మన వానాకాలానికి చాలదు.

పది_మీటర్ల_తమ్ముడు

సార్, నేను ఎయిర్ పిస్టల్ వాడతాను. గాలి సిలిండర్ బిగించే చోట కాస్త గట్టిగా తిరుగుతోంది. అక్కయ్య గారి కొత్త నూనె ఒక చుక్క నాకూ పనికొస్తుందా?

పాత_ఆర్మరర్

వద్దు బాబూ. మీ సిలిండర్లో గాలి ఒత్తిడి 200 బార్ దాకా ఉంటుంది. అంత ఒత్తిడి గాలి ఒక్కసారిగా మూసుకున్న చోటికి దూసుకొస్తే వేడి పుడుతుంది, అక్కడ నూనె ఉంటే అంటుకోవచ్చు. మొక్కల నూనె అయినా, మినరల్ ఆయిల్ అయినా ఒకటే. గాలి తగిలే చోట తయారీదారు చెప్పిన సిలికాన్ గ్రీజు, అదీ రబ్బరు రింగుకు లేశమాత్రం. గట్టిగా తిరుగుతోందంటే రింగు పాడైందేమో ముందు చూపించుకోండి. సిలిండర్ మీద గడువు తేదీ చెక్కి ఉంటుంది, అదీ చూడండి. గడువు దాటితే పోటీలో పరికరాల తనిఖీ దగ్గరే ఆపేస్తారు.

లాసన్స్‌బే25

అందరికీ కృతజ్ఞతలు. మాట ప్రకారం బాల్కనీలో తాడు కట్టాను. మా అత్తగారు దిష్టికి కట్టాననుకున్నారు, నేనూ కాదనలేదు.

ఏమీ పూయని మేకు తెల్లారేసరికే ఎర్రబడింది. తర్వాత కుట్టుమిషను నూనె ఓడిపోయింది, పెద్దాయన గారు మన్నించాలి. నా పాత గన్ ఆయిల్ మేకుకు తలకట్టు కింద, నూనె నిలవని అంచున గోధుమరంగు గీత వచ్చింది. అన్నింటికన్నా ఎక్కువ ఆగింది ఆకు బొమ్మదే, నేనసలు అనుకోలేదు.

గాజుపలక దగ్గర మాత్రం కథ తిరగబడింది. పాత నూనె చుక్క వేలికి నీళ్లలా జరిగింది. కొత్తది మధ్యలో బాగానే ఉంది కానీ, పలచగా పరుచుకున్న అంచుల్లో వేలికి అంటుకుని సన్నని తీగ సాగింది. మాస్టారు గారు అన్నది అక్షరాలా జరిగింది. బోల్టు గాడిలో ఉండేది కూడా అలాంటి పలచని పొరే కదా.

కాబట్టి నా నిర్ణయం: ఫ్రేము బయటి భాగానికి కొత్త నూనె, కదిలే భాగాలకు పాతదే. మూడు పనులూ ఒక్క సీసాతో అన్న మాటను నా వరకు కొట్టేశాను.

ఇంకోటి చెప్పాలి. ఆ ఎర్ర చుక్కలు డిస్టిల్డ్ వాటర్ గుడ్డ మొదలుపెట్టాక రావడం మానేశాయి. అప్పటికి కొత్త సీసా మూత కూడా తీయలేదు. సీసా ఇచ్చినాయనకు ఈ ముక్క ఎలా చెప్పాలో తెలియడం లేదు, రోజూ ఎలా ఉందని అడుగుతున్నారు.

బోల్టు పూర్తిగా కడిగినప్పుడు ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగు నీరసించినట్టు కనిపించింది. కొక్కేన్ని గోటితో నొక్కితే తిరిగి రావడానికి తడబడుతోంది. ఇన్నాళ్లూ జిడ్డు వల్ల అనుకున్నాను, కడిగాక కూడా అంతే. ఆర్మరర్ గారూ, ఇది పోటీల లోపు మార్పించాలా, ఆగవచ్చా?

పాత_ఆర్మరర్

మార్పించండమ్మా. అసలు తయారీదారు స్ప్రింగే వేయించండి, బజారులో దొరికే తీగ చుట్టించవద్దు. మార్చాక పోటీకి వెళ్లేలోపు రేంజిలో పెట్టెడు తూటాలైనా కాల్చి, ఖాళీ తూటా తొడుగులు ఒకే వైపు పడుతున్నాయో లేదో చూడండి. మీ ఆయనకో కోచ్‌కో చెప్పి పక్కన నిలబెట్టండి, కాల్చేవాళ్లకు అది కనిపించదు.