అరవై వేల లోపు రోడ్డు సైకిల్: నల్లగొండ రోడ్లకు ఏది నిలుస్తుంది?

పానగల్లు గట్టు
అందరికీ నమస్కారం. నల్లగొండలో ఉంటాను. మూడేళ్లుగా లావు టైర్ల గేరు సైకిల్ మీద రోజూ పొద్దున్నే పానగల్లు దాకా వెళ్లి, ఉదయసముద్రం కట్ట మీద కాసేపు ఆగి వస్తున్నాను. ఆదివారాలు నార్కట్‌పల్లి దాకా. ఇప్పుడు మనసు నాగార్జున సాగర్ మీద పడింది. పోనూ రానూ వంద కిలోమీటర్లకు పైనే. ఆ బరువైన సైకిల్‌తో అయ్యే పని కాదని, మంచి రోడ్డు సైకిల్ కోసం ఏడాదిగా డబ్బు పక్కన పెడుతున్నాను. మొత్తం 60,000. హెల్మెట్, పంపు, లైట్లు కూడా ఇందులోనే రావాలి.

హైదరాబాద్‌లో ఒక దుకాణంలో రెండు చూపించారు. రెండింటికీ అల్యూమినియం ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మాత్రం కార్బన్. ధర కూడా ఇంచుమించు ఒకటే. మొదటిదానికి సోరా గేర్లు, వెనుక 9 పళ్లచక్రాలు, రిమ్మును రెండు వైపులా నొక్కే కాలిపర్ బ్రేకులు, 25 మిల్లీమీటర్ల టైర్లు. రెండోదానికి క్లారిస్ గేర్లు, వెనుక 8, తీగతో పనిచేసే డిస్కు బ్రేకులు, 28 టైర్లు. దుకాణంలోని అబ్బాయి 'సోరా ఒక మెట్టు పైది, కళ్లు మూసుకుని తీసుకోండి' అన్నాడు. నాకు మాత్రం రెండోది ఎక్కినప్పుడే ఒళ్లు హాయిగా అనిపించింది. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 72 కిలోలు. 54 ఫ్రేము సైజు సరిపోతుందన్నారు. మన రోడ్ల మీద తొక్కినవాళ్లు చెప్పండి.

మిర్యాలగూడ మైలురాయి
అన్నా, ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. షిమానో కంపెనీ రోడ్డు గేర్లలో టోర్నీకి వెనుక 7, క్లారిస్‌కు 8, సోరాకు 9, టియాగ్రాకు 10, ఆపైన '105' అనే పేరుతో ఇంకో మెట్టు. మెట్టు మెట్టుకూ గేరు మారడం మెత్తబడుతుంది. కానీ క్లారిస్‌కూ సోరాకూ ఉన్న తేడా వేలికి తెలుస్తుందే తప్ప నడుముకు తెలియదు. నడుముకు తెలిసేది టైరు.

నేను ఆరేళ్లు 25 టైర్ల మీదే తొక్కాను. మన బరువుకు వాటిలో 90 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి ఉండాలి. తగ్గితే గుంత తగిలిన చోట ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, పాము కరిచినట్టు రెండు రంధ్రాలు పడతాయి. 28 అయితే 70, 75 చాలు. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద వేగం తగ్గించడానికి వేసిన పట్టీలు వరుసగా వస్తాయి కదా, వాటి మీద ఈ తేడా మణికట్టుకు తెలుస్తుంది. సాయంత్రానికి హ్యాండిల్ పట్టుకున్న చేతులు తిమ్మిరెక్కడం నాకు 28కి మారాకే ఆగింది.

కాబట్టి దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న, ఈ ఫ్రేములో ఎంత లావు టైరు పడుతుంది అని. గేర్లు రేపు మార్చుకోవచ్చు, ఫ్రేములో సందు లేకపోతే చేసేదేమీ లేదు. మామూలు కాలిపర్ బ్రేకుల సైకిళ్లలో చాలావాటికి 28 పట్టడమే కష్టం. డిస్కు బ్రేకులవాటిలో చాలావాటికి 32 కూడా పడుతుంది. నా ఓటు రెండోదానికి.

పాలమూరు పెడల్
టైరు సంగతి సరే. వెనుక పెద్ద పళ్లచక్రానికి ఎన్ని పళ్లున్నాయో ఎవరైనా అడిగారా? ఆయన సాగర్ దాకానే అంటున్నారు గానీ, రోడ్డు సైకిల్ కొన్నవాళ్లు ఏడాది తిరగకుండా శ్రీశైలం ఘాట్ ఎక్కాలనుకుంటారు. నేనూ అంతే.

లెక్క చెబుతాను. ముందు చిన్న చక్రానికి 34 పళ్లు, వెనుక పెద్దదానికి 32 ఉంటే, నిమిషానికి 60 సార్లు పెడలు తిప్పినా గంటకు 8 కిలోమీటర్ల వేగంతో ఎక్కవచ్చు. వెనుక 28 మాత్రమే ఉంటే అదే తిప్పుడుకు 9 దాటి వెళ్లాలి. ఒక్క కిలోమీటరే కదా అనిపిస్తుంది. శ్రీశైలం నుంచి తిరిగొస్తూ కృష్ణ మీద వంతెన దాటి దోమలపెంట వైపు ఎక్కేటప్పుడు ఆ ఒక్క కిలోమీటరే మోకాళ్ల మీద పడుతుంది. చైనును ఒక చక్రం మీద నుంచి ఇంకోదాని మీదకు జరిపే డిరైలర్ చేయి పొట్టిదైతే తర్వాత 32 వేయించుకోవాలన్నా కుదరదు. కొనేటప్పుడే చూసుకోండి.

ఆ ఘాట్‌లోనే నాకు ఇంకొకటి జరిగింది. వెనుక గేరు తీగ, హ్యాండిల్ మీద గేరు మార్చే మీట (షిఫ్టర్) లోపల పోగులు పోగులుగా విడిపోయి, ఎక్కుతుండగా పుటుక్కున తెగింది. తీగ తెగితే డిరైలర్ తన స్ప్రింగు బలంతో అన్నింటికన్నా చిన్న చక్రం మీదకు వెళ్లిపోతుంది. అంటే 34 మీద 11. ఎక్కడానికి పనికిరాదు. ఎండ నెత్తి మీదకు వస్తోంది. ఆ అడవి దారిలోని మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు కాబట్టి నడిచి వెళ్లే ఆలోచన లేదు. వెంట వచ్చిన పెద్దాయన డిరైలర్ మీద ఉన్న రెండు చిన్న మరల్లో చిన్న చక్రం వైపుదాన్ని లోపలికి బిగించాడు. దాంతో డిరైలర్ రెండు చక్రాలు పక్కకు జరిగి అక్కడే నిలబడింది. ఎక్కువ కాదు గానీ, అక్కడక్కడా దిగి నడుస్తూ మెల్లగా పైకి చేరాను. అప్పటి నుంచి ఏడాదికోసారి ఏ ఇబ్బందీ లేకపోయినా గేరు తీగ మార్చేస్తున్నాను. సీటు సంచిలో ఇంకో తీగ చుట్ట ఎప్పుడూ ఉంటుంది.

దేవరకొండ మాస్టారు
టైర్లు, గేర్లు తర్వాత. 54 సైజు అని ఎలా తేల్చారు? ఎత్తును చూసి చెప్పారంటే అది సగం కొలతే. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవుంటాయి, ఇంకొకరికి మొండెం పొడవుంటుంది.

ఇంట్లోనే కొలవండి. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడి, లావుపాటి పుస్తకాన్ని కాళ్ల మధ్య సీటులా గట్టిగా పైకి నొక్కి పట్టుకోండి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా సెంటీమీటర్లలో ఎంతో చూడండి. దాన్ని 0.883తో గుణిస్తే రెండు పెడళ్ల చేతులూ తిరిగే నడిమి ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండవలసిన ఎత్తు దాదాపుగా వస్తుంది. 78 వచ్చిందనుకోండి, సీటు 69 దగ్గర ఉండాలి. ఆ ఎత్తుకు పెట్టించుకుని, హ్యాండిల్ మీద బ్రేకు పట్టుకునే చోట చేతులు వేసి పది నిమిషాలు తొక్కండి. మోచేతులు కొంచెం వంగి ఉండాలి. భుజాలు ముందుకు లాగుతున్నట్టుంటే ఒక సైజు కిందది అడగండి.

నేను ఇదంతా తెలియక మొదటి సైకిల్ పెద్దది కొన్నాను. రెండేళ్లు మెడ నొప్పికి మందులు వాడాను. దాన్ని అమ్మేశాక నొప్పీ పోయింది.

చిట్యాల చౌరస్తా
నేను వేరే మాట చెబుతాను. 60,000కు కొత్తది ఎందుకు? అదే డబ్బుకు వాడిన కార్బన్ ఫ్రేము, 105 గేర్లతో దొరుకుతుంది. కిలోన్నర, రెండు కిలోలు తేలిక. నేను అలాగే కొన్నాను, చాలా సంతోషంగా ఉన్నాను. చైను అరుగుదల చూసుకుంటే చాలు. కొత్త చైనులో 12 జంట లింకులు కొలిస్తే కచ్చితంగా 12 అంగుళాలు ఉంటాయి. అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు సాగితే వెనుక పళ్లచక్రాలు కూడా పోయినట్టే, ఆ మేరకు బేరం ఆడాలి.

మిర్యాలగూడ మైలురాయి
మీకు కలిసి వచ్చింది అన్నా, సంతోషం. కానీ మొదటి రోడ్డు సైకిల్ కొనేవారికి నేనా మాట చెప్పలేను. అల్యూమినియం దెబ్బ తింటే సొట్టో చీలికో కంటికి కనిపిస్తుంది. కార్బన్ పైన రంగు చెదరకుండానే లోపల పొరలు విడిపోవచ్చు. కింద పడ్డ సైకిలో కాదో చూసి చెప్పగలవాళ్లు మన జిల్లాలో ఎవరున్నారు? లారీల మధ్య తొక్కే 65వ జాతీయ రహదారి మీద ఫోర్కు విరగడమంటే మామూలు విషయం కాదు. తెలిసిన మనిషి దగ్గర, ఆ సైకిల్ చరిత్ర మొత్తం తెలిసి కొంటే అది వేరు.

హాలియా అక్క
ఇంతమంది ఇన్ని చెప్పారు, సర్కారు తుమ్మ గురించి ఒక్కరూ చెప్పలేదే! సాగర్ రోడ్డులో పక్కన పొదలు కొట్టిన వారం రోజులూ రోడ్డంతా ముళ్లే. నిరుడు హాలియా ఇంకా నాలుగు కిలోమీటర్లుండగా నా వెనుక టైరు కూర్చుంది. ట్యూబు మార్చాను. అర కిలోమీటరు వెళ్లానో లేదో, అదీ కూర్చుంది. ముల్లు టైరులోనే ఉండిపోయిందని నాకప్పుడు తెలియదు. బయటి నుంచి చూస్తే కనిపించదు, లోపలి వైపు మాత్రం సూది మొనంత నల్లగా పొడుచుకుని ఉంటుంది. పాత గుడ్డ ముక్కతో టైరు లోపలంతా మెల్లగా తుడిస్తే ఎక్కడ నూలు పట్టుకుంటే అక్కడ ముల్లుంటుంది. వేలితో తడమకండి, రక్తం వస్తుంది.

తర్వాత సైకిల్ నడిపించుకుంటూ ఊళ్లోకి వచ్చాను. పంక్చర్ల తాత తొట్టిలో నీళ్లు పోసి ట్యూబు ముంచి, రెండు చోట్ల బుడగలు చూసి, ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి చక్కగా అతికించాడు. అంతా అయ్యాక గాలి కొట్టబోతే ఆయన పంపు నా ట్యూబుకు పట్టలేదు. రోడ్డు సైకిళ్లకు సన్న వాల్వు ఉంటుంది. దాని కొసన ఉన్న బుల్లి నట్టు తిప్పి వదులు చేస్తేనే గాలి ఎక్కుతుంది. అక్కడున్న కుర్రాడు బలంగా నొక్కేసరికి ఆ నట్టు ఉన్న సన్న పుల్ల వంగిపోయింది. వాళ్ల తప్పు కాదు, వాళ్లెప్పుడూ అలాంటిది చూడలేదు.

వేలి గోరంత ఇత్తడి బిళ్ల (అడాప్టర్) ఒకటి దొరుకుతుంది. సన్న వాల్వు మీద బిగిస్తే మోటారు సైకిల్‌కు గాలి కొట్టే గొట్టం పట్టేస్తుంది. పెట్రోలు బంకులో కూడా గాలి పట్టించుకోవచ్చు. చాలా చవక. రెండు కొనండి, ఒకటి వాల్వుకే బిగించి ఉంచండి. చిన్న చేతి పంపు, రెండు ట్యూబులు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ లివర్లు లేకుండా ఊరు దాటకండి.

పానగల్లు గట్టు
అక్కా, ఈ ముక్క ఏ దుకాణంలోనూ చెప్పరు. రాసుకున్నాను. ఇంకో ప్రశ్న: చమురుతో పనిచేసే హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు మెరుగంటారు కదా, ఇంకో ఏడాది ఆగి అవే కొనాలా?

పాలమూరు పెడల్
పట్టు విషయంలో మెరుగే, రెండు వేళ్లతో ఆగుతుంది. కానీ లోపలికి గాలి చేరితే చమురు తీసి మళ్లీ నింపాలి. ఆ పనికి పాలమూరు నుంచి నేను హైదరాబాద్ వెళ్లవలసి వస్తోంది. తీగ డిస్కు బ్రేకు అయితే ఒక ఆలెన్ కీతో మీరే సరిచేసుకుంటారు, తీగ తెగితే పది నిమిషాల పని. జిల్లాలో ఉండేవారికి తీగదే మేలు. దాని కోసం ఏడాది ఆగకండి.

ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు తగ్గింది. పన్నుకు ముందు ధర 50,000 అయితే అప్పుడు 56,000, ఇప్పుడు 52,500. మీకు చెప్పిన ధర ఏ నాటిదో అడగండి.

పానగల్లు గట్టు
పది రోజుల తర్వాత రాస్తున్నాను. కొన్నాను, రెండోదే.

మాస్టారు చెప్పినట్టు కొలుచుకుంటే సరిగ్గా 78 వచ్చింది. సీటు 69కి పెట్టించి 54 మీద తొక్కితే భుజాలు లాగాయి. 52 తెప్పించమన్నాను. దుకాణం అబ్బాయి మొదట కాస్త విసుక్కున్నాడు గానీ, దాని మీద కూర్చున్నప్పుడు పక్క నుంచి చూసి 'ఇదే సార్ మీది' అని తనే అన్నాడు. వెనుక పెద్ద చక్రానికి 32 పళ్లున్నాయి. టైరు, ఫ్రేము సందులో నా చిటికెన వేలు దూరింది. ధర పాత పన్నుతోనే రాసి ఉంది, అడిగితే సరిచేశారు. హెల్మెట్, పంపు, ట్యూబులు, ముందు వెనుక లైట్లు, రెండు ఇత్తడి బిళ్లలు కలిపి 58,700 అయింది.

నిన్న తెల్లవారుజామున మొదటిసారి తీశాను. పానగల్లు దాటాక రోడ్డుకు ఒక పక్క మొత్తం వడ్లు ఆరబోసి ఉన్నాయి, అంచున రాళ్లు పేర్చారు. ఆ రాళ్లకూ ఎదురొచ్చే ట్రాక్టరుకూ మధ్య ఉన్న కాస్త దారిలో బ్రేకు నొక్కి నిలదొక్కుకున్నాను. ఆ క్షణంలో డిస్కు తీసుకున్నందుకు నిజంగా ఊపిరి పీల్చుకున్నాను. ఉదయసముద్రం కట్ట మీద చలిగాలిలో సైకిల్ దానంతట అది పోతున్నట్టే ఉంది.

ఒక్కటే ఇబ్బంది. వెనుక చిన్న చక్రం నుంచి పెద్దదానికి మార్చేటప్పుడు చైను వెంటనే ఎక్కక టకటకమంటోంది. దుకాణానికి తీసుకెళ్లాలా?

దేవరకొండ మాస్టారు
వద్దు. కొత్త తీగ మొదటి కొద్ది రోజుల్లో కాస్త సాగుతుంది. వెనుక డిరైలర్‌లోకి తీగ దూరే చోట వేళ్లతో తిప్పే చిన్న గుండ్రటి మర ఉంటుంది. సైకిల్ వెనుక నిలబడి దాన్ని గడియారం ముల్లుకు ఎదురుగా పావు చుట్టు తిప్పి, పెడలు తిప్పి చూడండి. చాలకపోతే ఇంకో పావు.

పానగల్లు గట్టు
రెండు పావులకు శబ్దం పూర్తిగా పోయింది మాస్టారూ. వచ్చే ఆదివారం పొద్దున 5 గంటలకు సాగర్‌కు బయలుదేరుతున్నాను. అక్కా, మీ ఊరు చేరేసరికి ఏడవుతుంది.

హాలియా అక్క
ఏడింటికి బస్టాండు దగ్గర ఉంటాను. అక్కడి నుంచి సాగర్ దాకా కలిసి వెళ్దాం. వచ్చే ముందు టైర్లు ఒకసారి తుడిచి చూసుకోండి.