క్యాన్సర్ పాకకుండా చర్మం కింద బిళ్ళ: ఎలుకల దాకానే వచ్చినదాన్ని మనుషులకు పెట్టొచ్చా?

కాజీపేట_జంక్షన్:
మా చిన్నమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి ఏడాది. మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు 2015లో ఎలుకల చర్మం కింద చిన్న స్పాంజి బిళ్ళ పెట్టారు. కరిగిపోయే కుట్లదారం లాంటి పదార్థమే. దాని చుట్టూ రోగనిరోధక కణాలు చేరతాయి, వాటి వెంట రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలూ వచ్చి చిక్కుతాయి. ఊపిరితిత్తులకు చేరినవి 88 శాతం తగ్గాయి. మత్తడి కింద వల కట్టినట్టే కదా! ఒప్పుకున్న పేషెంట్లకైనా ఇవ్వాలని నా వాదన.

పాకాల_గట్టు:
మత్తడి దూకేటప్పుడు వల కట్టి చూశావా అన్నా? పడేవి పడతాయి, మిగతావి పక్క నుంచి పోతాయి. పైగా అది ఎలుక. మన ఒంట్లో ఏ కణం ఎన్నేళ్ళు దాక్కుంటుందో ఎలుకల మీద చేసిన ఆ కొద్ది వారాల ప్రయోగం చెప్పదు.

కాజీపేట_జంక్షన్:
మరి మెదడు గడ్డ తీసిన చోట మందు బిళ్ళలు పెట్టడానికి అమెరికాలో 1996లోనే అనుమతి ఇచ్చారుగా? గ్లియాడెల్. ఎనిమిది దాకా పెడతారు, అక్కడే కరుగుతూ మందు వదులుతాయి.

పాకాల_గట్టు:
ఇచ్చారు, మనుషుల మీద పరీక్షించాకే. తర్వాత కొత్తగా గడ్డ తేలినవాళ్ళ మీద చేసిన ట్రయల్‌లో మధ్యస్థ ఆయుష్షు (సగం మంది బతికి ఉన్న కాలం) బిళ్ళ లేనివాళ్ళలో 11.6 నెలలైతే, పెట్టినవాళ్ళలో 13.9. అంతే. పరీక్షించారు కాబట్టే ఆ అంకె మనకు తెలిసింది. నువ్వు ఆ మెట్టే దాటేద్దామంటున్నావు.

హన్మకొండ_అక్క:
ఒంట్లో పెట్టడం ఒక్క పూట పని తమ్ముడూ, తర్వాతది చూడు. మా అమ్మకు భుజం కింద కీమో పోర్ట్ పెట్టారు, మందు ఎక్కించడానికి చర్మం కింద ఉంచే చిన్న డబ్బీ. కీమో అయిపోయినా తీయించలేదు. అది మూసుకుపోకుండా నెలనెలా ఫ్లష్ చేయించడానికి (కడిగించడానికి) పొద్దున రైలెక్కి సికింద్రాబాద్ పోయేవాళ్ళం. జాకెట్ ఆ పోర్ట్ ఉబ్బుకు ఒరుసుకుంటోందని లోపల మెత్తటి గుడ్డ కుట్టుకుంది. మీ బిళ్ళలో కణాలు చిక్కాయో లేదో ఎవరు చూడాలి, ఎక్కడ చూడాలి?
అది సరే, క్యాన్సర్ తిరిగి రాకుండా చిన్నమ్మకు హార్మోన్ మాత్రలు రాశారా? వేసుకుంటోందా?

కాజీపేట_జంక్షన్:
లెట్రోజోల్ రాశారు. మీరడిగాక డబ్బా తెరిచి లెక్కపెట్టాను అక్కా. ఈ నెలవి పదకొండు మిగిలే ఉన్నాయి. మోకాళ్ళు పట్టేస్తున్నాయని రోజు విడిచి రోజు వేసుకుంటోందట. ఎల్లుండి డాక్టర్ దగ్గరకు తీసుకుపోతున్నా.