సమస్యాపూరణం: అప్పు చేయువాడె గొప్పవాడు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య, అంటే మీరు మిగతా మూడు పాదాలు రాసి పూర్తి చేయాల్సినది, ఆటవెలది చివరి పాదం. యతి స్థానంలో ప్రాసయతి ఉంది, అంటే మొదటి అక్షరాల మైత్రికి బదులు రెండో అక్షరాల ప్రాస (అప్పు – గొప్ప), చూసుకోండి.

కుటుంబ సలహాదారుగా నా ముందుకొచ్చే గొడవల్లో చాలావాటికి మూలం డబ్బే. మొన్న ఒకావిడ భర్త ఫోను పట్టుకుని వచ్చింది. స్క్రీన్ మీద వాయిదా కట్టలేదన్న మెసేజ్. పక్కన భర్త తల వంచుకుని కూర్చున్నాడు. అప్పు ఎంతని ఆవిడ అడగలేదు. "ఎప్పటి నుంచి?" అంది. అందుకే ఈ పాదం ఇస్తున్నాను. అప్పును పొగడకుండా దీన్ని నిలబెట్టాలి.

ఖమ్మం టీచరుగారు:
ఆలితోడ కూడి యాదాయ మెంచుచు
వాయిదాల లెక్క వ్రాసి చూచి
తీర్చగలుగునంతె తేటగాఁ జెప్పుచు
నప్పు చేయువాడె గొప్పవాడు

నిర్వాహకుడు:
నడక హాయిగా ఉందండీ. రెండో పాదం నేను చెప్పే సలహాయే. 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే రిటైల్ రుణాలకు బ్యాంకు అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక వడ్డీ రేటుతో ఒక వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ కాగితం భార్యాభర్తలిద్దరూ చదివాకే సంతకం పెట్టాలి.

ఒక్క లోపం. ఆలితో కూడి లెక్క వేశాక మళ్లీ "తేటగా చెప్పడం" పునరుక్తి. అప్పు దేనికో పద్యంలో లేదు. మూడో పాదాన్ని "తీర్చగలుగునంతె తిన్నగఁ జదువుకై" అని మార్చి, కింద "యప్పు చేయువాడె" అంటే కారణం కూడా వస్తుంది.

డాలస్ చెల్లెమ్మ:
ప్రశ్నలకు వరుసగా జవాబులొచ్చే క్రమాలంకారంలో ప్రయత్నించాను అన్నయ్యా.

కొంపకెవడు తెచ్చు గుదిబండ మెప్పుకై?
యాలి యెదుట లెక్క లన్ని విప్పి
చూపువాని నెట్లు చుట్టాలు పిలుతురు?
అప్పు చేయువాడె; గొప్పవాడు

నిర్వాహకుడు:
భలే విరిచావమ్మా! రెండు ప్రశ్నలకు రెండు జవాబులు, పాదంలోని విపరీతార్థం పోయింది. "మెప్పుకై" అన్న మాట నాకు బాగా నచ్చింది. పెళ్లికి మన తాహతు మించి పందిళ్లు వేసి, ఆ వాయిదాలతోనే కాపురం మొదలుపెట్టే జంటలను చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

"పిలుతురు / అప్పు" దగ్గర విసంధి ఉంది, కలవాల్సిన సంధి కలవలేదు. "చుట్టాలు పిలిచెద / రప్పు చేయువాడె" అంటే గణాలూ నిలుస్తాయి, సంధీ కుదురుతుంది.

డాలస్ చెల్లెమ్మ:
సవరణ తీసుకున్నాను. ఇంకో మాట అడగొచ్చా? మా తమ్ముడు స్నేహితుడి లోనుకు హామీ సంతకం పెడతానంటున్నాడు. పెళ్లయి ఏడాది కాలేదు, మరదలికి చెప్పనేలేదు. "నేను తీసుకునే అప్పు కాదు కదా" అంటున్నాడు.

నిర్వాహకుడు:
అది అతని అప్పు కిందే లెక్కమ్మా. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు అప్పుదారుతో సమానం. స్నేహితుడు కట్టకపోతే నోటీసు మీ వాళ్లింటికే వస్తుంది. ముందు మరదలికి చెప్పమను. ఆమె వద్దంటే "మా ఇంట్లో ఒప్పుకోలేదు" అనకుండా, మొహమాటం లేకుండా "నేను పెట్టలేను" అని తన మాటగా చెప్పమను. భార్యను అడ్డం పెట్టుకోవడం కూడా ఒక అబద్ధమే.

తెనాలి బాబాయిగారు:
కట్నమడుగకుండ కష్టార్జితముతోడ
నిటుకమీద నిటుక యెలమిఁ బేర్చి
యెండవాన లోర్చి యీనాడు తన యింటి
కప్పు చేయువాడె గొప్పవాడు

నిర్వాహకుడు:
బాబాయిగారూ, నమస్కారం. ఇంటి కప్పు అన్నా సరే, ఇంటికి అప్పు అన్నా సరే, పద్యం నిలబడింది. కప్పును "వేస్తాం" గానీ "చేయం" అని ఎవరైనా అడగవచ్చు. రెండో అర్థం దాన్ని కాపాడింది. "యీనాడు" మాత్రం గణం కోసం వచ్చిన మాట. "యిల్లాలి కొక యింటి" అంటే ఇల్లు ఎవరికోసమో తెలుస్తుంది.

మొదటి పాదానికి చేతులెత్తి మొక్కుతున్నాను. కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద నేరం.

నా పూరణ కూడా ఉంచుతున్నాను:

అర్థమందు నీదు హద్దు దాటననుచు
నగ్నిముందు మాట యాడినట్లు
నిజము దాచకుండ నెచ్చెలి కెఱిగించి
యప్పు చేయువాడె గొప్పవాడు

ఖమ్మం టీచరుగారు:
మూడో పాదంలో "నిజము దాచకుండ", "ఎఱిగించి" ఒకే మాట కదండీ? నా పద్యానికి చెప్పిన పునరుక్తే ఇది.

నిర్వాహకుడు:
నిజమే టీచరుగారూ. "నిజము" స్థానంలో అప్పు మొత్తాన్ని సూచించే మాట పడితే బాగుండేది. ఎవరైనా సవరించండి.

వచ్చే వారం బంగారం. 1985లో ప్రతిభారాణి కేసులో స్త్రీధనం పూర్తిగా ఆమె సొంతమని సుప్రీంకోర్టు చెప్పింది. అయినా అడగకుండా బీరువా తెరిచే భర్తలున్నారు, తనంతట తానే గాజులు తీసిచ్చే భార్యలూ ఉన్నారు. తేటగీతి పాదం ఇది:

నగలు తాకట్టు పెట్టిన నవ్వె నాతి