పారిస్ నుంచి షార్త్ర్‌కు ఒక్క రోజు: 22 మంది విద్యార్థులం, ఎలా వెళ్ళాలి?

ప్రశ్న: నమస్కారం అండీ. పారిస్‌లో చదువుకుంటున్న 22 మందిమి శనివారం షార్త్ర్ ఊళ్ళోని కెథెడ్రల్ (పెద్ద చర్చి) చూసి రావాలనుకుంటున్నాం. అందరికీ ఇమాజిన్ ఆర్ అనే విద్యార్థుల రవాణా పాస్ ఉంది. టికెట్ విడిగా కొనాలా? లోపల ఎంతసేపు పడుతుంది?

జవాబు 1: కొనాలండీ. ఆ పాస్ ఇల్-ద-ఫ్రాన్స్ (పారిస్, దాని చుట్టుపక్కల ప్రాంతం) దాకానే చెల్లుతుంది, షార్త్ర్ దాని అవతల ఉంది. తనిఖీలో దొరికితే జరిమానా ఒక్కొక్కరికీ విడిగా పడుతుంది. పారిస్‌లోని మోంపర్నాస్ స్టేషన్‌లో టీఈఆర్ (ప్రాంతీయ రైలు) ఎక్కండి, గంట నుంచి గంటంబావు ప్రయాణం. రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. అక్కణ్ణుంచే బయల్దేరే ఎన్ లైను సబర్బన్ రైలు దారి మధ్యలో రాంబుయే దగ్గరే ఆగిపోతుంది. ల మాన్ నగరం వైపు వెళ్ళే టీజీవీలేమో (అతివేగ రైళ్ళు) షార్త్ర్‌లో ఆగవు. స్టేషన్ నుంచి గుడికి పది నిమిషాల నడక. ప్రవేశం ఉచితం. గోపురం ఎక్కడానికి మాత్రం టికెట్ ఉంటుంది. ఫ్రాన్స్‌లో నివాస అనుమతి ఉన్న 18–25 ఏళ్ళవారికి అదీ ఉచితమే, కాకపోతే కార్డు చూపించాలి. మెట్లు ఇరుకు, అందరూ ఒకేసారి ఎక్కవద్దు.

జవాబు 2: లోపలికి కనీసం రెండు గంటలు కేటాయించండి. అసలు చూడాల్సింది గాజు చిత్రాలు. 1194లో అగ్నిప్రమాదం జరిగాక కట్టిన గుడి ఇది, కానీ పడమటి గోడలోని మూడు నిలువు కిటికీల గాజు అంతకు ముందుదే, ఆ మంటల్లోనూ మిగిలింది. మధ్యాహ్నం దాటాక ఎండ అటు పడుతుంది, ఆ గాజులోని నీలం రంగు అప్పుడే చూడాలి. బయటి వెలుతురులోంచి రాగానే అంతా చీకటిగా ఉంటుంది. పది నిమిషాలు కూర్చుంటే కళ్ళు అలవాటుపడతాయి. కథలున్న కిటికీలను ఎక్కువగా కింది నుంచి పైకి చదవాలి. పై గళ్ళు మామూలు కంటికి ఆనవు, 22 మందికి నాలుగు బైనాక్యులర్లయినా పట్టుకెళ్ళండి. రాతి గుడి, వేసవిలో కూడా చలే.

జవాబు 3: కుదిరితే శుక్రవారానికి మార్చుకోండి. గుడి నేల మీద పరిచిన చిక్కుదారి (లాబిరింత్) మీద నడవొచ్చు. అది దాదాపు 13 మీటర్ల వ్యాసమున్న వలయం, దారి పొడవు సుమారు 261 మీటర్లు. మిగతా రోజుల్లో దాని మీద కుర్చీలు వేసి ఉంటాయి. వసంతం నుంచి శరత్కాలం దాకా శుక్రవారాల్లో ఆ కుర్చీలు తీసేస్తారు.

ప్రశ్నించినవారు: శుక్రవారమే వెళ్తామండీ. భోజనం?

జవాబు 1: రొట్టె, జున్ను, పళ్ళు కొనుక్కుని గుడి వెనక తోటలో తినండి. తర్వాత మెట్లు దిగితే ఊరి కింది భాగంలో ఊర్ నది, పాత వంతెనలు. తిరిగి రావడమంతా ఎక్కుడే కాబట్టి రైలుకు నలభై నిమిషాల ముందే అక్కణ్ణుంచి బయల్దేరండి.