కలివి కోడి పటం: వైశాల్యం 7.35 అని చూపిస్తోంది, సాయం చేయండి

పెన్నా_తీరం:
అందరికీ నమస్కారం. మధ్యాహ్నం నుంచి దీని ముందే కూర్చున్నాను, ఒక్క అడుగు ముందుకు పడలేదు. కలివి కోడి అనే అరుదైన పక్షి వ్యాప్తి పటం తయారు చేస్తున్నాను. అది కనిపించిన చోట్ల చుక్కలు పెట్టాను, వాటి చుట్టూ గీత కూడా సరిగ్గానే వచ్చింది. వైశాల్యం ఎంత అని చూస్తే 7.35 అంటోంది. ఏడు చదరపు కిలోమీటర్లు ఎలా అవుతుంది? గీత చూస్తే అనంతపురం నుంచి భద్రాచలం దాకా ఉంది! సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేసుకున్నాను, అదే అంకె. రేపు ఉదయం మా గైడుగారికి చూపించాలి. తెలిసినవారు దయచేసి చెప్పండి.

అక్షాంశం:
ఏ సాఫ్ట్‌వేర్? మీ చుక్కల లేయరు సీఆర్‌ఎస్ (చోట్లను ఏ కొలతల్లో గుర్తించాలో చెప్పే పద్ధతి) ఏది?

పెన్నా_తీరం:
క్యూజీఐఎస్ అండి. సీఆర్‌ఎస్ మామూలుదే, నేనేమీ మార్చలేదు.

రాత్రిపిట్ట:
లెక్క సంగతి తర్వాత. ముందు ఒక్క మాట వినండి. ఆ చుక్కలను యథాతథంగా ఎక్కడా పెట్టకండి, ఈ గుంపులో కూడా. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక ఈ పక్షి లేనే లేదనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. స్థానికుడైన ఐతన్న చూపించబట్టే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారికి తెలిసింది. ఇంత అరుదైన పక్షి పొద ఎక్కడుందో అందరికీ తెలిస్తే ఏమవుతుంది? టార్చిలైట్లు, కెమెరాలు పట్టుకుని రాత్రంతా జనం తిరుగుతారు. పక్షుల పరిశీలనలు నమోదు చేసే సైటు ఈబర్డ్‌లో కూడా సున్నితమైన జాతుల స్థలాలను బయటకు చూపరు. బయటకిచ్చే పటంలో చుక్కలు వద్దు, పెద్ద గడులు రంగు వేసి చూపండి చాలు. ఈ విషయంలో నేను రాజీపడను.

పెన్నా_తీరం:
అలాగేనండి, గడులే వేస్తాను. కానీ 7.35 సంగతి?

అక్షాంశం:
ఏమీ మార్చలేదంటే 4326లో, అంటే చోట్లను డిగ్రీల్లో కొలిచే సీఆర్‌ఎస్‌లో ఉంది. అది చదరపు కిలోమీటర్లు కాదు, చదరపు డిగ్రీలు. మన అక్షాంశాల దగ్గర ఒక చదరపు డిగ్రీ దాదాపు 11,800 చదరపు కిలోమీటర్లు. గుణించుకోండి, 87,000 దరిదాపుల్లో వస్తుంది. ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో ఏరియా అని రాసి బ్రాకెట్లో జామెట్రీ ఇచ్చి ఉంటారు. అది లేయరు కొలతల్లోనే లెక్క కడుతుంది. డాలర్ గుర్తుతో మొదలయ్యే ఏరియా వాడండి, ప్రాజెక్టు సెట్టింగుల్లో ఎలిప్సాయిడ్ (భూమి ఆకారపు నమూనా) పెట్టి ఉంటే భూమి వంపును కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

గోదారి_గట్టు:
లేయరునే మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతికి, 44వ జోనులోకి మార్చేస్తే సరిపోతుంది కదా? అందరూ చేసేది అదే.

అక్షాంశం:
సరిపోదు. అనంతపురం 78 డిగ్రీల రేఖాంశానికి పడమట ఉంది, అంటే 43వ జోను. కడప, నెల్లూరు, భద్రాచలం 44. ఇంత వెడల్పు ప్రాంతానికి వైశాల్యం చెదరని ప్రొజెక్షన్ (గుండ్రని భూమిని చదునుగా పరిచే పద్ధతి) తీసుకోవాలి, ఆల్బర్స్ లాంటిది.

గోదారి_గట్టు:
తేడా ఒక శాతం కూడా రాదండి. కొత్తగా నేర్చుకునేవారిని ఎందుకు భయపెడతారు?

రేగుపొద:
ఒక్క నిమిషం. 87,000 అంటున్నారు, ఆ అంకె ఎవరికీ వింతగా అనిపించలేదా? ఈ పక్షి తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతి. వ్యాప్తి పరిధి 20,000 చదరపు కిలోమీటర్లు దాటితే జాతుల ప్రమాద స్థాయిని నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ పరిధి ప్రమాణం కింద అది ఏ ప్రమాద తరగతిలోకీ రాదు. పెన్నా_తీరం గారూ, మీ చుక్కలు ఏ సంవత్సరాలవి?

పెన్నా_తీరం:
అన్నీ కలిపే పెట్టానండి. సిరోంచ (మహారాష్ట్ర), భద్రాచలం, నెల్లూరు, అనంతపురం పాత పుస్తకాల్లోవి. కడప జిల్లా లంకమల కొండల దగ్గరివి 1986 తర్వాతవి. సంవత్సరం ఇంత ముఖ్యమా?

రేగుపొద:
అదే ముఖ్యం. వ్యాప్తి పరిధి అంటే జాతి ఇప్పుడు ఉన్న చోట్లన్నింటినీ చుట్టే గీత. ఐయూసీఎన్ నిర్వచనంలోనే 'ప్రస్తుతం' అని ఉంది. 19వ శతాబ్దపు గోదావరి లోయ చుక్కలు అందులోకి రావు. పైగా పాత పక్షి నమూనాకు కట్టిన చీటీ మీద ఊరి పేరు ఒక్కటే ఉంటుంది. మీరు ఆ ఊరి నడిబొడ్డున చుక్క పెట్టారు. వేటగాడు ఆ పక్షిని అక్కడే కాల్చాడా, పది మైళ్ల అవతల కాల్చాడా? ఆ అనిశ్చితిని చుక్క చుట్టూ వృత్తంగా గీయండి.

రాత్రిపిట్ట:
పాత చుక్కలు తీసేయమనడం నాకు నచ్చలేదు. ఎనభై ఏళ్లకు పైగా ఎవరూ చూడలేదంటే పక్షి లేదని కాదు, రాత్రి తిరిగే పక్షిని పగలు వెతికారని. సిరోంచ వైపు పొదల్లో రాత్రి తిరిగి సరిగ్గా వెతికిందెవరు? పరిరక్షణకు పటం కావాలంటే అక్కడికి వెళ్లమని చెప్పే పటమే కావాలి.

రేగుపొద:
వెతకడానికి వేరే పటం వేసుకోండి, నేనూ వస్తాను. ప్రమాద స్థాయి లెక్కలో మాత్రం కలపకండి. ఇంకొకటి, ఈ పరిధికీ, పక్షి నిజంగా వాడుకునే వైశాల్యానికీ తేడా ఉంది. రెండోదానికి 2 కిలోమీటర్ల గడులు వేసి, పక్షి ఉన్న గడులను లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తారు. పరిధి దానికంటే చిన్నదిగా వస్తే దానికి సమానం చేయాలి.

గోదారి_గట్టు:
రెండూ ఒకటే కదా, పరిధి అన్నా వైశాల్యం అన్నా?

రేగుపొద:
కాదు. లంకమలనే తీసుకోండి. పరిధి గీతలో కొండ, కాలువ, నిమ్మతోట అన్నీ పడతాయి. పక్షి మాత్రం మరీ దట్టంగా కాక, మరీ పలచగా కాక ఉన్న కలివి, రేగు పొదల మధ్య మట్టి నేలలోనే తిరుగుతుంది. ఆ పొదలు నరికేస్తే పరిధి గీత కదలదు, పక్షి మాత్రం పోతుంది. అక్కడ తెలుగుగంగ కాలువ తవ్వడంపై వచ్చిన గొడవలో వాదన అంతా ఆ పొదల నేల గురించే. అందుకే నాకు గడుల లెక్క మీద అంత పట్టుదల. అక్కడ మెత్తని మట్టి పట్టీలు పరిచి, తెల్లవారి అడుగుజాడలు చూసి కనిపెట్టేవారు. అలా జాడ దొరికిన చోటు ఒక్కొక్కటీ ఒక గడి. చూసినా జాడ దొరకని పట్టీలనూ వేరే రంగుతో పెట్టాలి, లేకపోతే వెతకని చోటూ వెతికి లేదన్న చోటూ ఒకటైపోతాయి.

అక్షాంశం:
ప్రొజెక్షన్ మార్చారా?

పెన్నా_తీరం:
డాలర్ గుర్తుది వాడాను, అంకె వచ్చేసింది. ధన్యవాదాలు. గైడుగారు పాత చుక్కలు ఉండాల్సిందే అంటున్నారు, అందుకని రెండు పటాలూ ఇస్తున్నాను.

రేగుపొద:
మంచిది. జాడ దొరకని పట్టీలు మీ దగ్గర ఉన్నాయా? ఉంటే ఏ నెలల్లో వేసినవి?